పిల్లి వాటా కుండీ

నిరుడు మాఘంలో ఒక ఆదివారం పొద్దున బాల్కనీలో పుదీనా కోశాను. చాటెడు వచ్చింది. కడిగి, నీళ్లు వార్చి, హాల్లో కిటికీ పక్కన పాత పంచె పరిచి, పల్చగా ఆరబోసి వంటింట్లోకి వెళ్లాను. గంట తర్వాత వచ్చి చూస్తే పంచె నడిమధ్యన మా బెల్లం ముడుచుకుని నిద్రపోతోంది. బెల్లం అంటే మా పెద్ద పిల్లి. అచ్చం అనకాపల్లి బెల్లం రంగు. దాని కింద ఆకు నలిగి నల్లబడింది. మిగతా ఆకు నిండా వెంట్రుకలు. రెండో పిల్లి మల్లి ఒక రెమ్మను సోఫా కిందికి ఈడ్చుకుపోయి ఆడుకుంటోంది.

నెలల తరబడి పెంచిన ఆకు. కోపం పట్టలేక రెండింటినీ గదిలో పెట్టి గడియ వేశాను. అవి లోపలి నుంచి తలుపు గీరుతుంటే ఇంకా బాధేసింది. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నాను. అమ్మ అంతా విని, "మీ అమ్మమ్మ ఉంటే ఏమనేదో తెలుసా? పిల్లిని తిట్టి ఏం లాభమే, గిన్నె పైన పెట్టుకోవాలి గానీ అనేది" అంది.

అమ్మమ్మ వాళ్లది కోనసీమలో ఒక పల్లె. పెంకుటిల్లు. వంటింట్లో దూలానికి ఉట్టి వేలాడుతుండేది. అందులో పాల తపేలా, దాని మీద పెరుగు ముంత, దాని మీద వెన్న గిన్నె. మూలన జాలీ బీరువా. చీమలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్ల కింద నీళ్లు పోసిన చిప్పలు. ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు పిల్లులుండేవి. వాటిని ఎవరైనా కొట్టడం నేను చూడలేదు. పిల్లికి అందేదేది, అందకూడనిదేది అన్నది వాళ్లు ఇల్లు కట్టుకున్ననాడే తేల్చేసుకున్నారు. మనం ఫ్లాట్లలోకి వస్తూ ఉట్టినీ జాలీ బీరువానూ పల్లెలో వదిలేశాం. వాటికి బదులు పిల్లికి క్రమశిక్షణ నేర్పాలని కూర్చున్నాం. ఆ రెండింటినీ మళ్లీ ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలో ఈ అధ్యాయంలో చెప్తాను.

మొదటి కుండీ దానిదే

పిల్లి మాంసాహారే అయినా గడ్డి కొరుకుతుంది. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య పరిశోధకులు వెయ్యిమందికి పైగా పిల్లుల యజమానులను అడిగారు. తమ పిల్లి మొక్కలు తినడం కనీసం ఆరుసార్లు చూశామని పదిమందిలో ఏడుగురు చెప్పారు. అసలు ఎప్పుడూ తినలేదన్నవారు పదిలో ఒకరు. ఒంట్లో బాగాలేకనే గడ్డి తింటుందని మనం అనుకుంటాం కదా. తినేముందు పిల్లి మామూలుగానే ఉందని వాళ్లలో ఎక్కువమంది అన్నారు. అడవుల్లో తిరిగిన దాని పూర్వీకులకు కడుపులో పురుగులను బయటికి తోసుకోవడానికి పనికొచ్చిన అలవాటు ఇప్పటికీ ఒంట్లో మిగిలిపోయిందని ఆ పరిశోధకుల అభిప్రాయం.

అలాంటి అలవాటును మందలించి మాన్పించలేం. కాబట్టి పుదీనా నాటేముందు గోధుమ గడ్డి పోయండి. వెడల్పుగా, బరువుగా ఉండే మట్టి కుండీ తీసుకోండి. తేలికపాటి ప్లాస్టిక్ తొట్టి అయితే పిల్లి గడ్డి లాగినప్పుడు మీదకు ఒరుగుతుంది. గుప్పెడు గోధుమలు రాత్రి నానబెట్టి, పొద్దున మట్టి మీద చల్లి, పైన పల్చగా మట్టి కప్పి తడుపుతుంటే, వారం పది రోజుల్లో బెత్తెడు ఎత్తు వస్తుంది. గోధుమలు కిరాణా కొట్టులో తిండికి అమ్మేవే కావాలి. విత్తనాల దుకాణంలో గులాబీ రంగు పట్టించి ఇచ్చే గింజలకు శిలీంధ్రనాశిని పూసి ఉంటుంది, వాటిని ఇంట్లోకే తేవద్దు. వంటకు దొరికే తెల్ల బార్లీకి పొట్టు తీసేస్తారు, అది మొలవదు. ఒక కుండీ తినేసే లోపు రెండోది అందుకునేలా పది రోజుల తేడాతో రెండు పెట్టుకుంటే కరువుండదు.

ఆ కుండీ ఎక్కడ పెడతారన్నదే అసలు కీలకం. పిల్లి ఇప్పటికే ఎండ కాచుకునే చోటు ఏదో చూసి అక్కడే పెట్టండి. మీ మొక్కలు దానికి ఎదురు మూలకు పోవాలి. పిట్టగోడ పక్కన మెట్లలా కుండీలు పేర్చకండి. అవి పిల్లికి నిజంగానే మెట్లవుతాయి. పావురాల కోసం కట్టే వల గట్టిగా బిగించి ఉంటే తప్ప పై అంతస్తు బాల్కనీలోకి పిల్లిని వదలకండి.

ఇక పిల్లికి సంబరం చేసే మొక్క మన ఊళ్లలోనే ఉంది. కుప్పింటాకు. కొందరు మురిపిండాకు అంటారు. గోడ వార, పెంటకుప్పల పక్కన, అడగకుండానే కుండీల్లో కూడా మొలుస్తుంది. మొక్క అలా నిలబడి ఉన్నంతసేపూ పిల్లి దాని వైపు చూడదు. వేరు పీకి చూపించండి. వాసన చూస్తుంది, నాకుతుంది, దాని మీద పడి దొర్లుతుంది. విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్కలో ఉండే పదార్థానికి దగ్గరి బంధువు ఈ వేరులో ఉంది. క్యాట్‌నిప్ విత్తనాలు ఇప్పుడు మనకూ దొరుకుతున్నాయి. చలికాలంలో చల్లితే మొలుస్తాయి గానీ మన ఎండలకు తట్టుకోవడం కష్టం. ప్రతి పిల్లీ దానికి లొంగదు, మూడింట ఒకటి పట్టించుకోదు. ఆ గుణం పుట్టుకతో వస్తుంది. మూడు నెలల లోపు కూనలకు అసలు ఏమీ అనిపించదు. జపాన్‌లోని ఇవాటే విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ఇంకో సంగతి తేల్చారు. ఇలాంటి ఆకుల మీద ముఖం రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువగా వాలాయట. మనం ఇన్నాళ్లూ మత్తనుకున్న ఆటలో అంత ప్రయోజనం ఉంది. మా ఇంట్లో కుప్పింట వేరు ఎప్పుడో ఒకసారి, అదీ చిటికెన వేలంత ముక్క ఇస్తాను. కాసేపు దొర్లాక తీసేస్తాను. వాసన చూసి దొర్లితే చాలు, తిననివ్వను.

ఏది ఉండాలి, ఏది వెళ్లాలి

మనం తినే ఆకు పిల్లికీ మంచిదేనన్న నమ్మకం ప్రమాదం. మన కాలేయం చాలా పదార్థాలకు ఒక రకం ఆమ్లాన్ని అతికించి, నీటిలో కరిగేలా చేసి బయటికి పంపేస్తుంది. ఆ పనిచేసే ఎంజైముల్లో ముఖ్యమైనదొకటి పిల్లి జాతి మొత్తంలోనే తయారు కాదు. మనిషికి జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయడానికి కారణం ఇదే. ఆకుల్లోని ఘాటైన నూనెలు దానికి పడకపోవడానికీ ఇదే.

కొత్తిమీర, రోజ్‌మేరీ, పాశ్చాత్య వంటల్లో వాడే స్వీట్ బేసిల్, ఇవి పిల్లి కొరికినా విషం కావు. స్వీట్ బేసిల్ మన తులసికి చెల్లెలి వరస. పుదీనా, వాము ఆకు, నిమ్మగడ్డి ఒక ఆకు నోట పడితే కంగారు పడనక్కర్లేదు, ఎక్కువ తింటే మాత్రం వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కలబంద కూడా అంతే. అందులోని పసరు పేగులను కదిలించేస్తుంది. మనీప్లాంట్, డైఫెన్‌బాకియా కొరికితే సూదుల్లాంటి సూక్ష్మ స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని చొంగ కారుస్తుంది.

ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల కుండీలను పిల్లికి అందనంత దూరంలో పెట్టాలి. అవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పిల్లి బరువులో కిలోకు అయిదు గ్రాముల ఉల్లి చాలు రక్తం దెబ్బతినడానికి. అంటే నాలుగు కిలోల పిల్లికి ఇరవై గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయలో సగం కూడా కాదు. వండినా ఎండబెట్టినా ఆ గుణం పోదు. ఎండితే నీరు పోయి అదే విషం చిక్కబడుతుంది కూడా. ఉల్లిపొడి, వెల్లుల్లి కారం డబ్బాలకు బిగువైన మూతలుండాలి.

ఇంటి నుంచి పూర్తిగా పంపేయాల్సినవి మూడున్నాయి. ఈతచెట్టులా ముద్దుగా కనిపించే సైకస్. గుండెను ఆపగల గన్నేరు. అన్నిటికన్నా ముందు, బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు. వీటి ఆకు, పువ్వు మాత్రమే కాదు, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా ఒకటి నుంచి మూడు రోజుల్లో పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. మన పూల మార్కెట్లో లిల్లీ అని తూకానికి అమ్మే తెల్లని పూలు వేరు. అవి నేలసంపెంగలు, వాటితో ఈ భయం లేదు. పుట్టినరోజుకు ఎవరైనా బొకే తెస్తే గుమ్మంలోనే విప్పి చూడటం మా ఇంట్లో అలవాటైపోయింది.

పిల్లి ఏదైనా తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి, ఉప్పే దానికి విషమవుతుంది. కొరికిన రెమ్మను కవర్లో వేసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మొక్క పేరు తెలిస్తే ఆయనకు సగం దారి తెలిసినట్టే.

మట్టి సంగతి

మెత్తగా, వదులుగా, కాస్త తడిగా ఉన్న కొబ్బరి పొట్టు మిశ్రమం మొక్కకు ఎంత హాయో పిల్లికీ అంతే హాయి. దానికి అది మరుగుదొడ్డి. కుండీల్లో మట్టి కనిపించకుండా గులకరాళ్లు గానీ, పగిలిన పెంకు ముక్కలు గానీ పరవండి. విత్తనాలు చల్లిన కుండీ మీద మొలకలు నిలదొక్కుకునే దాకా కోళ్ల జాలీ ముక్క కప్పండి. ఎన్ని పిల్లులున్నాయో అన్నిటికీ ఒక్కో ఇసుక పళ్లెం, పైన ఇంకొకటి పెడితే కుండీల అవసరం వాటికి రాదు.

ఇందులో శుభ్రతతో పాటు ఆరోగ్యం కూడా ఉంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు. మనం పుదీనా, కొత్తిమీర పచ్చిగానే పచ్చడి చేసుకుంటాం, నీడన ఆరిన ఆకు వేడి తగలకుండానే నోట్లోకి వస్తుంది. అందుకని పిల్లి మలం పడిన కుండీ ఆకును ఎండబెట్టవద్దు. ఆ మట్టి మార్చేయండి. పిల్లి మలాన్ని ఇంటి కంపోస్టులో కలపవద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కోడలో కూతురో నెల తప్పిందనగానే ఏళ్ల తరబడి పెంచిన పిల్లిని సంచిలో వేసి ఎక్కడో వదిలేసి వచ్చే ఇళ్లు నాకు తెలుసు. ఆ అవసరం లేదు. సాధారణంగా పిల్లి జీవితంలో మొదటిసారి ఆ జీవి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే దాన్ని మలంలో విడుస్తుంది. బయటపడ్డాక కూడా అది మనిషికి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. ఇసుక పళ్లెం రోజూ ఇంకొకరు శుభ్రం చేస్తే, గర్భిణి తోటపనికి చేతి తొడుగులు వేసుకుంటే, పిల్లికి పచ్చిమాంసం పెట్టకుండా బయట వేటకు పోనివ్వకుండా చూసుకుంటే, తల్లీ బిడ్డా పిల్లీ ఒకే ఇంట్లో ఉండొచ్చు. డాక్టరుతో మాట్లాడండి. పిల్లిని వీధిపాలు చేయకండి.

ఎరువుల్లో ఆముదం పిండి పిల్లులున్న ఇంటికి తేవద్దు. సరిగా వేడి చేయని ఆముదం చెక్కలో రైసిన్ అనే భయంకరమైన విషం మిగిలిపోతుంది. వాసన బాగుందని కుక్కలూ పిల్లులూ తినేస్తాయి. ఎముకల పొడి, బెల్లంలో మాగబెట్టిన చేపల ద్రావణం వేస్తే ఆ రాత్రే కుండీ తవ్వేస్తాయి. బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు చాలు. పేనుబంక కనబడితే నీటి ధారతో కడిగి, కుంకుడు రసం పలచగా చల్లి, మర్నాడు మళ్లీ కడగండి. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ అని సీసా మీద ఉన్న మందులు ముట్టకండి, పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. పిల్లి రాకుండా కుండీల్లో కలరా ఉండలు వేయమని ఎవరైనా చెబితే వినకండి. అవి కూడా విషమే.

ఆకు వేరు, తైలం వేరు. ఎండిన పుదీనా గదిలో ఉన్నంత మాత్రాన పిల్లికి ఏమీ కాదు. కిలోల ఆకును కాచి తీసిన చుక్క తైలం ఇంకో వస్తువు. నీలగిరి తైలం, లవంగ నూనె, టీట్రీ నూనె, కర్పూరం పిల్లి ఒంటికి పూయకండి. జలుబుకు ఆవిరి పట్టేటప్పుడు పిల్లిని వేరే గదిలో ఉంచండి.

ఆరబెట్టడం

కోయడానికి వేళ ఉంది. మంచు ఆరిపోయి ఎండ ఇంకా ఎక్కని సమయం, సుమారు ఎనిమిదింటికి. మొక్క పూతకు సిద్ధమవుతుండగా ఆకులో వాసన నిండుగా ఉంటుంది. తులసి అయితే వెన్నులు వేయకముందే. మా ఇంట్లో ద్వాదశి నాడూ, పొద్దుగూకాకా తులసి మీద చేయి వేయం, అది మా పద్ధతి. పుదీనా కాడను నేల దాకా కోయకండి. కింద రెండు కణుపులు వదిలితే మళ్లీ చిగురిస్తుంది.

అన్ని ఆకులూ ఎండబెట్టడానికి పనికిరావు. కొత్తిమీర ఎండితే గడ్డి, దాని పరిమళం గాలికి పోతుంది. దాన్ని పచ్చిగా తినండి, మిగిలిన మొక్కలను పూతకు వదిలి ధనియాలు తీసుకోండి. మెంతికూర, కరివేపాకు, పుదీనా, తులసి బాగా ఎండుతాయి. వాము ఆకు కండగలది, నాలుగు రోజులైనా లోపల తడి ఉండి బూజు పడుతుంది. దాన్ని బజ్జీలకు వాడుకోవడమే మేలు.

ఎండలో పెట్టకండి. ఒరుగులకు ఎండ కావాలి గానీ ఆకుకు నీడ కావాలి. ఎండలో పచ్చరంగు వెలిసిపోతుంది, వాసన ఆవిరైపోతుంది. నలభై డిగ్రీలు మించని వేడి, కదిలే పొడి గాలి, చీకటిగా ఉండే చోటు కావాలి. హైదరాబాదులో మాఘం నుంచి వైశాఖం దాకా ఏ గదైనా పనికొస్తుంది. కోనసీమలో, కాకినాడలో ఆ పొడి గాలి ఉండదు. అక్కడ ఆకు తక్కువ కోసి మరీ పల్చగా పరవాలి. శ్రావణ భాద్రపదాల్లో ఎక్కడున్నా ఆ పని పెట్టుకోకండి. విద్యుత్ డ్రయ్యర్ ఉంటే నలభై డిగ్రీల వద్ద నడపండి. దాని మూత వెచ్చగా ఉంటుంది కాబట్టి పిల్లి ఎక్కి కూర్చుని గాలి రంధ్రాలు మూసేస్తుంది. తలుపున్న గదిలోనే పెట్టండి.

ఇప్పుడు ఉట్టి. మా హాల్లో ఉయ్యాల కోసం స్లాబులో పోయించిన కొక్కెం ఉంది. దానికి గొలుసుతో అంతస్తులుగా ఉండే వల అరలు తగిలించాను. చుట్టూ జిప్పు ఉంటుంది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పిల్లి నిలుచున్న చోటు నుంచి అయిదడుగులు అవలీలగా ఎగురుతుంది. అరల అడుగు నేలకు ఆరడుగుల పైన ఉండాలి, చుట్టుపక్కల సోఫా, ఫ్రిజ్, పుస్తకాల బీరువా లేకుండా చూసుకోవాలి. అక్కడ నుంచి దూకే వీలుంటే ఎత్తు దండగే. కొక్కెం లేనివాళ్లకు జాలీ బీరువా ఉంది. పాత సామాన్ల దుకాణంలో ఇంకా దొరుకుతుంది. లోపలి అరల మీద పల్చని నూలుగుడ్డ పరిచి, ఆకు మీద ఇంకో గుడ్డ కప్పితే వెంట్రుక పడదు. ఆకు కోసే ముందురోజు పిల్లులను దువ్వితే ఇంకా నయం.

కట్టలు కట్టి తలకిందులుగా దండేనికి వేలాడదీయడం చూడటానికి అందంగా ఉంటుంది. పిల్లులున్న ఇంట్లో నేను చేయను. కట్టిన పురికొస వదులై వేలాడితే పిల్లి దాన్ని మింగుతుంది. దాని నాలుక మీద ముళ్లు లోపలికి తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్లిన దారం వెనక్కి ఉమ్మడం కష్టం. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగులోకి జారితే, నాడా లాగినప్పుడు లంగా కుచ్చిళ్లు పడ్డట్టు పేగు ముడతలు పడి తెగుతుంది. ఆపరేషన్ తప్ప దారి లేదు. పిల్లి నోట్లోనో వెనకో దారం కనిపిస్తే లాగకండి, కత్తిరించకండి, అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రబ్బరు బ్యాండ్లు కూడా ఆకుకూరల కట్టల నుంచి తీయగానే డబ్బాలో పడాలి.

మూడు నాలుగు రోజులకు చూడండి. ఆకు వేళ్ల మధ్య గలగలమని పొడి కావాలి, కాడ వంగకుండా పుటుక్కున విరగాలి. ఆకు ఎండినా కాడ వంగితే ఇంకో రోజు. అరకిలో పుదీనా ఆకు ఎండితే వంద గ్రాముల లోపే వస్తుంది, బెంగపడకండి, వాసనంతా అందులోనే ఉంది. పొడి చేయకుండా ఆకుగానే గాజు సీసాలో పోసి, వారం రోజులు రోజూ పొద్దున సీసా లోపలి గోడ చూడండి. చెమ్మ పట్టినట్టు కనిపిస్తే మళ్లీ అరల మీదకు. ఎనిమిదో రోజుకీ గాజు పొడిగా ఉంటే మూత బిగించి, తేదీ రాసి, వెలుతురు తగలని చోట పెట్టండి.

ఈ మాఘంలో మా పుదీనా కొక్కేనికి ఎండుతోంది. పాత పంచె మాత్రం కిటికీ పక్కన అలాగే పరిచి ఉంచాను. తొమ్మిదింటికి అక్కడ ఎండ పడుతుంది. బెల్లం వచ్చి నడిమధ్యన పడుకుంటుంది.